ఎవరడుగుతున్నారు?

ఆరో అంతస్తు, కిటికీ లేని వైపు
ఫిబ్రవరి 3

మూసల గదికి మహారాణి అయిన వదినగారికి, మీ ఆడపడుచు నడుం నొప్పి వల్ల కొంచెమే వంగి నమస్కరించి రాయునది.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని ముక్కున వేలేసుకోకండి. ఫోను చేస్తే రెండో నిమిషంలో మీకు పొయ్యి మీద ఏదో మాడుతుంది. మెయిలు రాద్దామంటే, మా కంపెనీకీ మీ వర్క్‌షాపుకీ ఒప్పందం కుదిరిన రోజు నుంచి మీ ఉద్యోగులకు మేం రాసే ప్రతి అక్షరమూ తొమ్మిదిమందికి ప్రతులతో వెళ్ళాలి. వాళ్ళలో ఇద్దరు లాయర్లు. సరే, పద్ధతిగా కంప్యూటర్‌లో సహాయం కోరుతూ టికెట్ పెట్టాను. అది మూడు రోజులు నావైపు చూసి, దానంతటదే మూసుకుని, ‘మా సేవ ఎలా ఉంది?’ అని అడిగింది. ఐదు చుక్కలకు ఒక చుక్క ఇచ్చాను. ఒకటే ఎందుకిచ్చానో వివరించమని నా మీద ఇంకో టికెట్ తెరిచింది. నిబంధనల పుస్తకం తిరగేస్తే, వదినకు కాగితం మీద ఉత్తరం రాయకూడదని మాత్రం ఎక్కడా కనబడలేదు. అంత దూరం ఎవరూ ఆలోచించినట్టు లేరు.

విషయం ఏమిటంటే, మీ వర్క్‌షాపుకు కొత్త సాఫ్ట్‌వేర్ రాసే పని నా నెత్తిన పడింది. చెవో ముక్కో వేలో పోగొట్టుకున్నవాళ్ళకు మీరు సిలికానుతో కొత్తవి పోసి ఇస్తారు కదా, ఆ మూసల్లో ఏది ఎవరిది, ఏ అరలో ఉంది అన్న వివరాలన్నీ మీ దగ్గర ఒక పాత సర్వర్‌లో ఉన్నాయి. దాన్ని వెబ్ ద్వారా అడిగి తెలుసుకునే దారి, అంటే ఏపీఐ, ఎవరో మహానుభావులు పదేళ్ళ కిందట సొంతంగా రాసుకున్నారు. ఎవరా అని కోడ్ పైన చూస్తే మీ పేరు. మూసలు తీసే మనిషి కోడ్ కూడా రాసిందా అని మా మేనేజరు ఆశ్చర్యపోయాడు. మా వదినే అని గర్వంగా చెప్పుకున్నాను. తర్వాత కోడ్ చదివాను. అప్పటినుంచి దూరపు చుట్టం అంటున్నాను.

నేను వాడే లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్ మూట, చాలా బుద్ధిమంతురాలు. ‘ఫలానా మూస కావాలి’ అని నా కోడ్‌లో ఒక్క మాటంటే చాలు, డేటాబేస్‌ను ఏమని అడగాలో తనే రాసుకుని, వెళ్ళి అడిగి, వచ్చిన జవాబును ఒక వస్తువుగా మలిచి నా చేతిలో పెడుతుంది. వెబ్‌లో అడగమన్నా అడుగుతుంది. కాకపోతే దానికి తెలిసిన లోకంలో ప్రతిదానికీ ఒక నంబరు ఉంటుంది. ఉన్నదాన్ని అడిగితే 200 అని, లేనిదాన్ని అడిగితే 404 అని జవాబు వస్తుంది. మీ దాంట్లో నంబర్లు లేవు. అడిగిన మూస ఉన్నా 200, లేకపోయినా 200, సర్వర్ కుప్పకూలుతూ కూడా 200 అనే అంటుంది. నిన్న ఒక్క సెకనులో రెండుసార్లు అడిగితే ఏమందో తెలుసా? ‘తొందరెందుకు?’ అంది. అదీ 200తోనే. మా బుద్ధిమంతురాలు ‘తొందరెందుకు’ అనే పేరుగల పేషెంటు ఉన్నాడనుకుని ఆయనకు ఒక రికార్డు తెరిచింది.

దయచేసి, దీన్ని ఎలా అడగాలో రాసిన కాగితం ఏదైనా ఉంటే పంపండి. లేదని తెలుసు. అయినా అడగడం నా ధర్మం.

అన్నయ్య జలుబు తగ్గిందా? రెండేళ్ళయింది. నేను వస్తానన్నప్పుడల్లా జలుబు, తనను రమ్మన్నప్పుడల్లా జలుబు. ఫోనులో గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ముఖం కనబడేలా ఫోను చెయ్యమంటే కెమెరా పాడయిందంటాడు. గడియారాలు బాగుచేసేవాడికి ఒక కెమెరా బాగుచేయించుకోవడం రాదా? వదిన ఆయన్ని కొంగుకు కట్టేసుకుందని బంధువుల్లో కొందరు అనుకుంటున్నారు. ఆ కొందరిలో నేను కూడా ఉన్నాను.

మీ గడుగ్గాయి


మూసల గది, కింది అంతస్తు
ఫిబ్రవరి 11

దూరపు చుట్టమైన ఆడపడుచుకు,

నీ ఉత్తరం చేరింది. కవరు మీద నా ఇంటిపేరు తప్పు రాశావు. నంబర్లతో బతికే మనిషివి కాబట్టి క్షమించాను.

ఆ ఏపీఐ రాసే రోజుల్లో ఇక్కడ అట్టపెట్టెల్లో కార్డులు ఉండేవి. ఒక చెవి కార్డు వెతకడానికి అరపూట పట్టేది. కంప్యూటర్ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని పెద్దసారు అడిగితే ఎవరూ పలకలేదు. నాకూ తెలియదు, కానీ సిగ్గు తక్కువ కాబట్టి చెయ్యెత్తాను. చేతులకు మూసల ప్లాస్టరు అంటుకుని ఉండగానే ఒక పుస్తకం ముందు పెట్టుకుని, భోజనం వేళల్లో ఎనిమిది నెలలు రాశాను. అది పదేళ్ళుగా ఆగకుండా నడుస్తోంది. మీ కంపెనీ టికెట్ మూడు రోజులు కూడా నిలబడలేదని నువ్వే రాశావు.

నంబర్లు ఎందుకు లేవంటే, నా నంబరు నాలుగొందల పన్నెండు అని చెప్పుకుంటూ ఇక్కడికి ఎవరూ రారు. మూస ఎక్కడుందో తెలియడానికి అర చెప్పు, వరుస చెప్పు, వైపు చెప్పు. వైపులు మూడు: ఎడమ, కుడి, నడుమ. ముక్కులు నడుమ. ఆ మూడూ చెబితే అక్కడున్నవి ఎవరెవరివో జాబితా ఇస్తుంది. అందరినీ ఒకేసారి చూపించమనే ప్రశ్న లేదు, ఎందుకంటే అందరినీ ఒకేసారి చూడాల్సిన అవసరం ఇక్కడ ఎవరికీ రాలేదు.

‘తొందరెందుకు?’ అన్నది వెటకారం కాదు, వైద్య సలహా. ఆ యంత్రం ప్లాస్టరు కలిపే గది పక్కన ఉంది. పదేళ్ళుగా ఆ పొడి పీల్చి దానికి ఆయాసం. రెండు సెకన్లు ఆగి అడుగు. పడిపోతూ కూడా 200 అనడం నా పెంపకం. మనకు ఒంట్లో బాగాలేదని ఎదుటివాళ్ళను కంగారు పెట్టకూడదు.

అరలు పది. తొమ్మిదింటిని అడుగు. పదో అర జోలికి రాకు.

ఇక కొంగు సంగతి. పనిలో నేను ఏప్రన్ కట్టుకుంటాను. దానికి ఉన్న తాళ్ళు నా నడుముకే చాలవు, మీ అన్నయ్యను ఎక్కడ కట్టేయను? వీధిలో షాపు మూసేసి, ఇప్పుడు ఇంటి వెనకగదిలోనే గడియారాలు చూస్తున్నారు. వెలుతురు బాగుంటుందట. జలుబు అలాగే ఉంది.

నిన్నటికి నిన్న ఒక పెద్దాయన ముక్కు మూసలో సిలికాను పోస్తుంటే మీరు గుర్తొచ్చారు. మొదటిసారి మీ ఇంటికి వచ్చిన రోజు మీ నాన్నగారు, మీ అన్నయ్య, నువ్వు వరుసగా కూర్చున్నారు. వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది, ఒకే మూసలో మూడుసార్లు పోశారనుకున్నాను. దూలం ఎత్తుగా, కొన దగ్గర కాస్త ఎడమకు తిరిగి, అదే ముక్కు. దాని మీద కోపం మాత్రం నీ ఒక్కదానికే పోశారు.

వదిన


ఆరో అంతస్తు, కిటికీ లేని వైపు
ఫిబ్రవరి 19

తొందరలేని వదినగారికి,

అయిపోయింది. నన్ను మెచ్చుకోవాలనిపిస్తే మొహమాటపడకండి.

ఈ లైబ్రరీలో ఒక మంచి గుణం ఉంది. అది అడిగే తీరు మనకు సరిపడకపోతే మార్చుకోనిస్తుంది. ప్రశ్న కట్టే చోట ఒకటి, జవాబు విప్పే చోట ఒకటి, రెండు తలుపులు తెరిచిపెట్టింది. మొదటి తలుపులోంచి దూరి, ‘మూసలన్నీ తీసుకురా’ అని నేనంటే దాన్ని అర, వరుస, వైపు అని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ రెండేసి సెకన్లు ఆగి అడిగేలా నేర్పాను. పది అరలు, పన్నెండేసి వరుసలు, మూడేసి వైపులు. మూడొందల అరవై ప్రశ్నలు, పన్నెండు నిమిషాలు. ఈ లోపల నేను కాఫీ తాగి వచ్చి, ఆ కాఫీ గురించి ఫిర్యాదు కూడా చేసి రావచ్చు. నంబరు లేకపోతే మా బుద్ధిమంతురాలికి నిద్ర పట్టదు కాబట్టి, అరనూ వరుసనూ వైపునూ పేరునూ కలిపి నేనే ఒక దొంగ నంబరు పుట్టించి ఇచ్చాను. పిచ్చిది నమ్మేసింది.

రెండో తలుపు దగ్గర ఒక కాపలా పెట్టాను. జవాబులో జాబితా ఉంటే తీసుకో. మాటలుంటే అవి మా వదిన నోటి దురుసు, నొచ్చుకోకు, మళ్ళీ అడుగు. మూడుసార్లు అడిగినా అదే మాటొస్తే అక్కడ ఏమీ లేదని రాసుకుని ముందుకు పో. ఇంతకంటే మర్యాదగా మిమ్మల్ని అర్థం చేసుకున్న సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో లేదు.

పది అరలు అని రాశానని గమనించారా? జోలికి రావద్దంటే రాకుండా ఉండే ఆడపడుచులు వేరే ఇళ్ళల్లో ఉంటారు. వెళ్ళాను. పదో అరలో ఏ వరుస అడిగినా, ఏ వైపు అడిగినా ‘ఎవరడుగుతున్నారు?’ అంటుంది. సర్వర్‌కు అచ్చంగా మీ నోరే వచ్చింది. మూడేసిసార్లు అడిగించి, ఖాళీ అని రాయించేశాను. ఖాళీ అర మీద అంత బెట్టెందుకో మీకే తెలియాలి.

మొత్తం ఆరొందల పదకొండు మూసలు లెక్కకు వచ్చాయి. మా మేనేజరు సంతోషం పట్టలేక ఒక సూత్రం కనిపెట్టాడు: ‘జాబితాలో లేని మూస ఎవరిదీ కాదు.’ మీ గదిలోకి కొత్త స్కానరు యంత్రం వస్తోందిగా, దానికి చోటు కావాలి. ఈ నెల ఇరవై ఆరో తారీఖు నుంచి ఇరవై ఎనిమిది వరకు అరలు ఖాళీ చేస్తారు. జాబితాలో ఉన్నవి కొత్త బీరువాల్లోకి వెళ్తాయి, లేనివి పగలగొడతారు. ఈ సంగతి మీ పెద్దసారు మీకు ఈపాటికి చెప్పే ఉంటారు. ఏదైనా తేడా ఉంటే ఇరవై ఆరులోగా చెప్పండి. చెప్పకపోతే సరే అన్నట్టే అని మా మేనేజరు అంటున్నాడు. నేనూ అంటున్నాను.

అన్నయ్యను ఫోటో పంపమంటే నిన్న పంపాడు. అది నా డిగ్రీ అయిన రోజుది. అందులో నేను కూడా ఉన్నాను. అంత పాతది నా దగ్గరే ఉంది కదా అంటే, జలుబు ఎక్కువైందని ఫోను పెట్టేశాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. మీ ఇద్దరికీ నా మీద కోపమేదైనా ఉంటే తిన్నగా చెప్పండి, పడతాను.

గడుగ్గాయి


శిక్షణ హాస్టలు, పదకొండో గది
ఫిబ్రవరి 22

గడుగ్గాయికి,

నువ్వు జవాబు రాసి ఉంటే అది ఇంట్లో ఉంటుంది, నేను ఇక్కడ ఉన్నాను. మీ అన్నయ్య నాకొచ్చిన ఉత్తరాలు విప్పరు, బల్ల మీద పెడతారు. ఆ మర్యాద ఒకటి ఉంది మనిషికి.

నువ్వు రాస్తున్న సాఫ్ట్‌వేర్ వాడటం నేర్చుకోమని నన్ను పది రోజులు ఇక్కడ పడేశారు. నేర్పే కుర్రవాడు మంచివాడే. ప్రతి తెర చూపించినప్పుడూ ‘ఇది చూడగానే అర్థమైపోతుంది’ అని, ఆ తర్వాత గంటసేపు అర్థమయ్యేలా చెబుతాడు. నిన్న తెర మీద ‘వినియోగదారుడు’ అని ఉంటే ఎవరది అని అడిగాను. మీరేనండీ అన్నాడు. పదేళ్ళుగా నేను రాసినదాన్ని వాడుకున్న అందరినీ పేరు పెట్టి పిలిచాను. నన్ను మాత్రం వినియోగదారుణ్ణి చేశారు.

మూసల గదికి రంగు వేయిస్తారట, అందుకే ఈ రోజుల్లోనే పంపించామని పెద్దసారు అన్నారు. పోనీలే, పన్నెండేళ్ళకు గోడలు గుర్తొచ్చాయి.

ఇక్కడ సాయంత్రం ఐదింటికే పని అయిపోతుంది. కూర్చుని ఆలోచించడం తప్ప ఏమీ ఉండదు. నువ్వు మొదటి ఉత్తరంలో రాసిన కొంగు మాట నాకు గుచ్చుకుంది. వెటకారమని తెలుసు, అయినా గుచ్చుకుంది. మీ అన్నయ్య జలుబు గురించి నీతో ఒకసారి కూర్చుని మాట్లాడాలి. ఉత్తరంలో చెప్పేది కాదు. ఎవరికీ, ముఖ్యంగా నీకు, చెప్పనని ఆయనకు మాటిచ్చాను. తిరిగి వెళ్ళాక ఆయన్ని ఒప్పించి పిలుస్తాను. అంతవరకూ నన్ను తిట్టుకుంటూ ఉండు, అలవాటు తప్పకుండా ఉంటుంది.

వదిన


మూసల గది
మార్చి 1

అమ్మాయ్,

నిన్న మధ్యాహ్నం బస్సు దిగి, సంచీ భుజాన ఉండగానే గదికి వచ్చాను, కొత్త రంగు చూద్దామని. రంగు వేయలేదు. నేలంతా ప్లాస్టరు ముక్కలు. తొమ్మిది అరల్లోని మూసలూ నీ జాబితా ప్రకారం, ఒక్క పొరపాటు లేకుండా కొత్త బీరువాల్లోకి వెళ్ళాయి. పనివాళ్ళు పదో అరకు వచ్చి జాబితా చూసుకున్నారు. ఖాళీ అని ఉంది. మరి ఇవేమిటి అనుకుని, ఎవరివీ కావని తేల్చుకుని, సుత్తి అందుకున్నారు. ఆ అరలోని తొమ్మిది మూసల్లో నాలుగు పగలగొట్టి భోజనానికి వెళ్ళారు. నేను వచ్చింది అప్పుడు. మిగిలిన ఐదూ నా దగ్గర ఉన్నాయి.

ఇంటికి వెళ్ళి నీ ఉత్తరం విప్పాను. అంతా అందులోనే ఉంది, తారీఖులతో సహా. నువ్వేదీ దాచలేదు. దాచింది నేను.

పదో అర ఖాళీ కాదు. తమ సంగతి సొంతవాళ్ళకు కూడా తెలియకూడదనుకున్న మనుషులవి ఆ తొమ్మిదీ. ఏ జాబితాలోనూ తమ పేరు కనబడదంటేనే వాళ్ళు మూస తీయించుకున్నారు. అందుకే ఆ అరను అడిగితే సర్వర్ ఎవరడుగుతున్నారు అంటుంది. ఒక్కొక్కరూ ఒక్కో మాట ఎంచుకుని నాకు చెప్పారు. ఆ మాట జవాబుగా ఇస్తే వాళ్ళ వివరం ఒక్కటే వస్తుంది, పక్కవాళ్ళది రాదు. అది తాళం, అమ్మాయ్. నువ్వు వెటకారమనుకున్నావు. అనుకోక ఏం చేస్తావు? పదేళ్ళుగా నా యంత్రం సరదాకీ నిజానికీ ఒకే గొంతుతో, ఒకే 200తో జవాబిస్తోంది. నేనూ అంతే. జోలికి రాకు అని రాశాను, ఎందుకో ఒక్క ముక్క రాయలేదు.

పగిలిన నాలుగింటిలో రెండు చెవులు, ఒక వేలు. వాళ్ళకు రెండో చెవి ఉంది, రెండో చెయ్యి ఉంది. మళ్ళీ పిలిచి, దాన్ని చూసి చేయవచ్చు. క్షమించమని అడగాలి. నాలుగోది ముక్కు. మనిషికి ముక్కు ఒకటే. జబ్బు వచ్చి తీసేయాలన్నప్పుడు, ఆపరేషన్‌కు ముందురోజు, ఈ బల్ల మీదే పడుకోబెట్టి నేను తీసిన మూస అది. కదలకండి అంటే పెళ్ళయ్యాక మొదటిసారి నా మాట విన్నారు.

అది మీ అన్నయ్యది.

జలుబు కాదు. ముక్కులో మానని పుండు, అది క్యాన్సర్ అని తేలింది. ముక్కు తీసేశాక జబ్బు మళ్ళీ రాలేదు, ఆ సంగతిలో భయపడకు. ఇప్పుడు నేను పోసిచ్చిన ముక్కు పెట్టుకుంటున్నారు. వీధిలోవాళ్ళు చూస్తే చూడనీ, అది మాత్రం చూడకూడదు అన్నారు. అది అంటే నువ్వు. మీ నాన్నగారు పోయాక నువ్వు ఆయన్ని చూసినప్పుడల్లా ‘నాన్నను చూసినట్టుంది’ అనేదానివట. ‘ఇప్పుడు చూస్తే దానికి ఏం కనబడుతుంది?’ అన్నారు. అది విని మాటిచ్చేశాను. ఈరోజు ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

పెట్టుకుంటున్నది అంచులు చిరిగిపోతోంది. ఈ నెలలో కొత్తది పోయాలి. ఉన్నదాని మీదే మూస తీయొచ్చు కదా అంటావేమో. అది ఎండకు ముడుచుకుంది, అరిగింది. అరిగినదాన్ని చూసి తీస్తే అరిగిన ముక్కే వస్తుంది. ఫోటోలు చూసి మైనంలో చెక్కగలను. ముక్కు వస్తుంది, ఆయన ముక్కు రాదు. మూస పగిలిందని ఆయనకు చెప్పాను. ఎవరి జాబితా అన్నది చెప్పలేదు. అది నువ్వే చెప్పుకోవాలి.

వదిన


ఇంట్లో, వంటగది బల్ల
మార్చి 5

వదినా,

మీరు అని రాయడం ఇవాళ నా వల్ల కాదు. నువ్వు అంటున్నాను, కోపం వస్తే పాత కోపాల్లో కలుపుకో.

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివి, లేచి, మళ్ళీ కూర్చుని, చిట్టా తెరిచి చూశాను. నా కోడ్ ఏ ప్రశ్న ఎన్నిసార్లు అడిగిందో, ఏ జవాబు వచ్చిందో అందులో వరసగా ఉంటుంది. పదో అరను ముప్పై ఆరు ప్రశ్నలు, మూడేసిసార్లు. నూట ఎనిమిది సార్లు నీ సర్వర్ ‘ఎవరడుగుతున్నారు?’ అంది. నూట ఎనిమిది సార్లు అడిగించుకుని, నేను ఖాళీ అని రాశాను. అందులో ఒక వరుసలో, నడుమ వైపు, మా అన్నయ్య ఉన్నాడు.

మేనేజరుతో నా తప్పే అని చెప్పాను. ‘జాబితాలో లేని మూస ఎవరిదీ కాదు’ అన్న సూత్రం ఎవరిది అని ఎవరూ అడగలేదు, నేనూ గుర్తు చేయలేదు. కోడ్ మార్చాను. జాబితా వస్తే ఉన్నట్టు. ఖాళీ జాబితా వస్తే లేనట్టు. మాటలొస్తే తెలియనట్టు. తెలియని చోట ఆగిపోయి, ఒక మనిషిని పిలిచి చూపించాలి, మనిషి చూసేదాకా ఏదీ ముట్టకూడదు. మూడు వరుసల మార్పు, వదినా. మూడే. మొదటిరోజే రాయగలిగేదాన్ని, నీ మీద జోకులు వేసే పనిలో లేకపోతే.

ఆ ముగ్గురికీ క్షమాపణ ఉత్తరాలు రాశాను. వాళ్ళెవరో నాకు తెలియకూడదు కాబట్టి కవర్ల మీద ఏమీ రాయలేదు. చిరునామాలు నువ్వు రాసి పంపు.

కొంగు మాట అన్నందుకు ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు చించాను. రెండేళ్ళుగా నువ్వు ఆ ఇంట్లో ఒక్కదానివే మోస్తుంటే నేను ఇక్కడ కూర్చుని జలుబు మీద హాస్యమాడాను. తప్పు. ఇంతకంటే బాగా రాయడం రావడం లేదు.

ఇప్పుడు అసలు మాట. నిన్న పొద్దున్న మొహం కడుక్కుంటూ అద్దంలో చూసుకున్నాను. ‘ఒకే మూసలో మూడుసార్లు పోశారనుకున్నాను’ అని రాసింది నువ్వే. దూలం ఎత్తుగా, కొన దగ్గర ఎడమకు తిరిగి. ఒకటి నాన్నతో వెళ్ళిపోయింది. ఒకటి నేను పగలగొట్టించాను. మూడోది నా ముఖం మీద ఉంది. ఏ అరలో ఉందో ఎవరినీ అడగక్కర్లేదు.

నా ముక్కు మీద మూస తీయి. కొంచెం చిన్నదేమో, పెంచుకోవచ్చో లేదో నీకే తెలియాలి. నేను రావచ్చో లేదో మాత్రం నువ్వు చెప్పొద్దు, అన్నయ్యను చెప్పనీ. ఆ జాబితా నాదేనని ఆయనకు వేరే ఉత్తరం ఇందులోనే పెట్టాను. అది ఆయన పేరున ఉంది, విప్పుతాడేమో. పదో అరలో ఆయన పెట్టుకున్న మాట ఏమిటో నేను అడగను. ఇకమీదట ఏదైనా అడిగేముందు ఆలోచించే అలవాటు చేసుకుంటున్నాను.

గడుగ్గాయి


ఇంట్లో, వెనకగది
మార్చి 13

గడుగ్గాయికి,

ఆలోచించే అలవాటు నీ ఒంటికి పడదు, మానెయ్యి.

మీ అన్నయ్య నీ ఉత్తరం విప్పి చదివారు. చదివి రెండు రోజులు ఎవరిదో గోడ గడియారం ఊడదీసి బిగించారు, మళ్ళీ ఊడదీశారు. మూడోరోజు అన్నం దగ్గర, దాని ముక్కు నాకు చిన్నదవుతుంది అన్నారు. పెంచడం నా పని, మైనంలో కాస్త సాగదీస్తాను అన్నాను. దానికి ముక్కు మీద కోపం ఉంటుంది, అది కూడా మూసలోకి వస్తుందా అన్నారు. రాకుండా గ్యారంటీ ఇవ్వలేనన్నాను. అప్పుడు నవ్వారు. ఈ రెండేళ్ళలో భోజనం దగ్గర నవ్వడం ఇదే మొదటిసారి. నవ్వితే అంచు ఊడింది. నేను అతికించాను.

జాబితా నీదని తెలిసినందుకు కోపం రాలేదా అని అడిగాను. చిన్నప్పుడు తన మొదటి గడియారాన్ని ఊడదీసి లోపల ఏముందో చూసి పాడుచేసింది కూడా నువ్వేనట. దాన్ని బాగుచేయబోయి తను ఈ పనిలో పడ్డారట. ఇంతవరకూ నాకు చెప్పలేదు ఈ సంగతి. నువ్వూ చెప్పలేదు. దాచడం మీ ఇంటి పద్ధతే అని నాకు ఆలస్యంగా తెలిసింది.

నీ మూడు ఉత్తరాలకూ చిరునామాలు రాసి పోస్టు చేశాను. ఒకావిడ వచ్చి రెండో చెవి చూపించి వెళ్ళింది. ఈసారి కాస్త చిన్నగా చెయ్యమంది, మొదటినుంచీ ఆ చెవులు పెద్దవని ఆవిడకు అనుమానమట.

ఇక రావాల్సిన పద్ధతి. వచ్చే శనివారం పొద్దున రా. నిజం జలుబు ఉంటే రాకు. నోటితో గాలి పీల్చుకోవడం ఇప్పటినుంచే సాధన చెయ్యి. ముఖం మీద ముద్ద వేశాక పావుగంట కదలకూడదు, మాట్లాడకూడదు. కదలకుండా ఉండటం నీకు వస్తుంది.

చివరగా ఒకటి. ఇది చెప్పనా వద్దా అని ఆయన్నే అడిగాను. చెప్పు, దానికి తగిన శాస్తి అన్నారు. పదో అరకు ఏ మాట పెట్టమంటారని ఆపరేషన్‌కు ముందురోజు నేను అడిగినప్పుడు, ముఖం మీద ప్లాస్టరు ఆరుతోంది, మాట్లాడటానికి లేదు. కాగితం తీసుకుని రాసిచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ‘గడుగ్గాయి’ అని ఉంది అందులో. ఎప్పటికైనా అది నన్ను వెతుక్కుంటూ వస్తే, ఎవరంటే ఏం చెబుతుంది, ఆ పేరే చెబుతుంది కదా అన్నారు తర్వాత.

నీ కోడ్ నూట ఎనిమిది సార్లు వచ్చింది. ఒక్కసారి నీ పేరు చెప్పి ఉంటే తెరుచుకునేది.

శనివారం నేను పెందలాడే వర్క్‌షాపుకు వెళ్ళి ప్లాస్టరు కలుపుతుంటాను. నువ్వు ముందు ఇంటికే రా. వీధి తలుపు వేసి ఉంటుంది. కొడితే వెనకగదిలోంచి మీ అన్నయ్య, ‘ఎవరూ?’ అంటారు. ఈసారి చెప్పు.

వదిన